ధర పైకి చెప్పమన్న మా బావ

మా బావ పోయాడన్న కబురు నాకు ప్రెస్సులో తెలిసింది. అప్పుడు నా చేతిలో ఉన్నవి ఆయన్ని తిడుతూ నేను రాసిన వ్యాసం ప్రూఫులు. మూడో పేజీ దిద్దుతున్నాను. ప్రెస్సు యజమాని ఫోను పెట్టేసి నా దగ్గరికొచ్చి, "సార్, మీ అక్కగారి ఇంటినుంచి చేసినారు" అన్నాడు. నా చేతిలోని కాగితం వైపు చూశాడు. తక్కినది ఆ కాగితం వైపే చూస్తూ చెప్పాడు.

ఏదో ప్రభుత్వ సంఘం సమావేశంలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. సమావేశాల్లో కునుకు తీయడం ఆయనకు కాలేజీ రోజులనుంచీ ఉన్న అలవాటు. అందుకని పక్కవాళ్ళు ఎవరూ లేపలేదు. తీర్మానం చదివి, సంతకానికి కాగితం ఆయన ముందుకు జరిపినప్పుడు గాని సంగతి తెలియలేదు.

నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. ఈ వ్యాసానికి ఇక జవాబు చెప్పడు కదా, అనిపించింది. మా ఇద్దరి వాదంలో చివరి మాట ఆయనదే అయిపోయింది, అదీ నోరు విప్పకుండా. పోయిన మనిషి మీద అసూయ ఏమిటని అడుగుతారేమో. ఆయన బతికున్నన్నాళ్ళూ పడ్డాను. ఒక్క మధ్యాహ్నంలో మానమంటే ఎట్లా మానను? ఆ వ్యాసం మాత్రం ఆపించాను. దానికి ఉంచిన పేజీల్లోనే ఇది వస్తోంది.

ఆయన మా మేనత్త కొడుకు. తర్వాత మా అక్కను చేసుకున్నాడు. అంటే నాకు రెండు వైపులా బావ. కోలారు దిక్కునుంచి బెంగుళూరుకొచ్చి రెండు తరాలుగా పాతుకుపోయిన కుటుంబాలు మావి. మా అమ్మ నన్ను లేపేటప్పుడు, తినమనేటప్పుడు, చదవమనేటప్పుడు వాడిన మాట ఒకటే: "బావని చూడు." చూస్తూనే పెరిగాను. ఆయన ఆర్థికశాస్త్రం చదివితే నేనూ అదే చదివాను. ఆయన ఏ కాలేజీలో పాఠం చెబుతున్నాడో ఆ కాలేజీలోనే ముందు బెంచీ మీద కూర్చున్నాను. తరగతిలో సార్ అనాలి, ఇంట్లో బావా అనాలి. రెండేళ్ళు అట్లా నాలుక మార్చుకుంటూ బతకడం ఎంత చిరాకో పడినవాడికే తెలుస్తుంది.

ఒకరోజు ఆయన ధరల సిద్ధాంతం చెబుతున్నాడు. నేను లేచి, ఈ గీతల్లో రైతు ఎక్కడున్నాడని అడిగాను. అడిగి కూర్చోలేదు, ఒక ఉపన్యాసమే ఇచ్చాను. తరగతంతా బల్లలు చరిచింది. ఆయన చేతికంటిన సుద్ద దులుపుకుంటూ అంతా విన్నాడు. తర్వాత ఇంగ్లీషు పాఠం మధ్యలో మా ఇంటి తెలుగులోకి దిగి, "బాగుండాది. రేపు పొద్దున ఏం చేద్దాం?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నిజంగానే అడిగాడు. ఆ ప్రశ్న ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో. నేను ఏ అన్యాయం గురించి ఎంత గొంతు చించుకున్నా చివర్లో అదే. నా దగ్గర ఎల్లుండికి జవాబు ఉండేది, వచ్చే శతాబ్దానికి ఉండేది. రేపు పొద్దునకే ఉండేది కాదు.

డెబ్బైల మొదట్లో ఈ పత్రిక పెట్టాను. ప్రతి సంచికా ఆయన పెన్సిలు పట్టుకొని చదివేవాడు. ఆదివారం మా ఇంటికొచ్చి, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, తొక్కలన్నీ ఒక పక్కకు వరసగా పేర్చుకుంటూ, "కోపం బాగుండాదప్పా. వాక్యాలు పొడుగు" అనేవాడు. మా ఆవిడ నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళేది.

ఆ రోజుల్లోనే మా పేట కూరగాయల మండీ మీద పదకొండు పేజీల వ్యాసం రాశాను. వర్తూరు నుంచి, ఆ చుట్టుపక్కల చెరువు కింది తోటలనుంచి రైతులు తెల్లవారుజాము బస్సులో కూర తెచ్చేవాళ్ళు. ముల్లంగి, నూల్‌కోల్, కొత్తిమీర. రైతు తన రాశి పక్కన నిలబడి ఉంటే, అతని ఎదురుగానే మండీ సాహుకారు, కొనేవాడు ఒక తువ్వాలు కింద చేతులు కలిపేవాళ్ళు. ధర నోటితో చెప్పరు. వేళ్ళు నొక్కుతారు. అక్కడ ఏ ధర కుదిరిందో ఆ ఇద్దరికే ఎరుక. సాహుకారు తర్వాత రైతుకు ఏ ధర చెబితే అదే ధర. దీన్ని నేను దోపిడీ అన్నాను. ఇప్పటికీ అంటాను.

బావ ఆ వ్యాసం చదివి, "నువ్వు తువ్వాలు కింద చెయ్యి పెట్టి చూసినావా?" అన్నాడు.

లేదన్నాను.

"నేను చూస్తా ఉండా. రేపు పొద్దున రా."

ఆరు నెలలుగా ఆయన కాలేజీకి వెళ్ళేముందు మండీకి వెళుతున్నాడని నాకప్పుడే తెలిసింది. బస్సులో నా చెయ్యి తన జేబురుమాలు కిందికి లాక్కొని వేళ్ళ భాష నేర్పించాడు. ఒక వేలు పడితే ఇంత, చెయ్యంతా పడితే ఇంత, అరచేతిలో గీస్తే సగం. పక్క సీటు ముసలాయన మమ్మల్ని అదోలా చూశాడు. నాకు సిగ్గేసింది.

"నీకెవరు నేర్పించినారు?"

"సాహుకారే. వాళ్ళింటికి నాలుగైదు తూర్లు పోయి వాకిట్లో జగలి మీద కూర్చుంటి. అడిగితే నేర్పించినాడు. యాల నేర్పించడు? వాని పనితనం అది. పొగిడేవాళ్ళు లేక బేజారుగా ఉండాడు."

ఈ మాట గుర్తుంచుకోమని పాఠకుల్ని కోరుతున్నాను. నేను మరిచిపోలేదు కాబట్టి.

ఎమర్జెన్సీ పోయాక వచ్చిన ఎన్నికల్లో ఆయన నిలబడ్డాడు. నాకు కిట్టని పార్టీ అది. ఇప్పుడూ కిట్టదు. గెలిచాడు, ఉపమంత్రి అయ్యాడు, మండీలన్నీ ఆయన కిందికే వచ్చాయి. ఆయన నిరాడంబరుడని రేపు ఎవరైనా రాస్తే నమ్మకండి. సర్కారు కారు ఆయనకు చాలా ఇష్టం. మొదటి వారమే దానిలో మా ఇంటికొచ్చి, మా పిల్లల్ని ఎక్కించుకొని కబ్బన్ పార్కు చుట్టూ మూడుసార్లు తిప్పాడు. జరీ అంచు పంచె మొదలుపెట్టాడు. నేను అసహ్యించుకునే మనుషుల పక్కన వేదికల మీద కూర్చొని వడలు తిన్నాడు. మురికివాడలు కొట్టేస్తుంటే ఆ పార్టీలో నోరెత్తనివాళ్ళలో ఆయనా ఒకడు. దాన్ని నేను క్షమించలేదు. ఈ స్మృతిలోనూ క్షమించను.

కానీ మండీ సంగతి ఆయన మరవలేదు. దళారులనే లేకుండా చేయమని నేను ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. ఆయన చేసింది ఒక్క వాక్యం నిబంధన: రాశి అమ్మేటప్పుడు ధరను రైతుకు వినపడేట్టు పైకి చెప్పాలి. అంతే. నేను మండిపడ్డాను. ఇంతకేనా కాలేజీ వదిలి పోయింది అన్నాను. "ఇది ముందు వినపడనీ. తక్కింది వాళ్ళే అడుగుతారు" అన్నాడు.

దాన్ని శాసనసభలో పెట్టిన రోజు నేను సందర్శకుల బల్ల మీద ఉన్నాను. ఎవరో ఆయన్ని మెచ్చుకున్నారు. ఆయన లేచి, ఇది తన ఆలోచన కాదని, ఒక చిన్న తెలుగు పత్రికలో వచ్చిన వ్యాసం పుణ్యమని చెప్పాడు. "రాసినాయన నాకు చుట్టం. పేరు చెబితే కోపగించుకుంటాడు, చెప్పకపోయినా కోపగించుకుంటాడు" అన్నాడు. సభ నవ్వింది. మంచిపేరంతా నాకు ఇచ్చేశాడు. అంత సులువుగా, హోటల్లో తన ప్లేటులో మిగిలిన వడ పక్కవాడి వైపు తోసినట్టు. కొట్టేసి ఉంటే పోట్లాడేవాణ్ణి. ఇచ్చేసినవాణ్ణి ఏం చేస్తాం? ఆ రోజునుంచి నిద్రలో కూడా ఆయన తప్పు కోసం వెతికాను.

తప్పు త్వరగానే దొరికింది. పైకి పలికి అమ్మే మొదటి రోజున ఇద్దరమూ మండీలోనే ఉన్నాం. ఒక మనిషి ఎత్తుబల్ల మీద నిలబడి రైతు పేరు, ఊరు, సరుకు, ధర గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. రైతులు సంతోషిస్తారనుకున్నాం. ఒక్కొక్కరూ తల దించుకొని నిలబడ్డారు. నాలుగో పేరో అయిదో పేరో పిలిచాక వర్తూరు పెద్దాయన ఒకడు నేరుగా మా బావ మీదికి వచ్చాడు.

"ఏమప్పా మేష్టరూ, నా ముల్లంగి మా దాయాది ముల్లంగి కన్నా తక్కువని ఊరందరికీ అరిచి చెప్పిస్తివే. ఇంక ఆ బస్సులో నేనెట్ల కూర్చునేది?"

"నీ ధర నీకు తెలియాల కదా పెద్దయ్యా."

"నాకు తెలియాల. వానికి యాల తెలియాల?"

అప్పటికి గాని మాకు అర్థం కాలేదు. తిరుగు బస్సులో ప్రతివాడూ తనకొచ్చిన ధర అని తనకు తోచింది చెప్పుకునేవాడు. ఆ తువ్వాలు దళారి మోసాన్ని కప్పినట్టే రైతు పరువునూ కప్పింది. ఆరు నెలలు మండీలో కూర్చున్న ఆయనకూ అది తట్టలేదు, పదకొండు పేజీలు రాసిన నాకూ తట్టలేదు. చదువుకున్నవాళ్ళం. మాకు ధర అంటే అంకె.

బావ ఏం చేశాడో చెబుతాను. పంచె ఎగగట్టి ఎత్తుబల్ల ఎక్కాడు. "తప్పు నాది. మీ ధర మీకు వినిపించాల అనుకుంటి. మీ మర్యాద సంగతి మిమ్మల్ని అడగలే. ఏం చేస్తే బాగుంటాది, మీరే చెప్పండి" అన్నాడు. పక్కన సాహుకార్లు పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నారు. ఆయన పట్టించుకోలేదు. వెనకనుంచి ఎవరో, "గుడి కాడ చెప్పులకిస్తారు చూడు, అట్ల బిళ్ళలు ఈండి. నంబరు పిలవండి, పేరు యాల?" అన్నారు. వారం తిరక్కుండా రేకు బిళ్ళలొచ్చాయి. పేరు పోయింది, ధర మాత్రం పైకి నిలిచింది.

నేను అసూయపడింది ఆ క్షణాన్ని చూసి. పదవి చూసి కాదు, కారు చూసి కాదు. తప్పు నాది అని అంత మంది ముందు అన్నాడు, అని చెక్కుచెదరకుండా దిగాడు. ఆ మాట నేను నా జన్మలో ఎవరితోనూ అనలేదు. అంటే ఏదో కూలిపోతుందని భయం. ఆయనకేమీ కూలలేదే.

ఆ నెల సంచికలో మండీలో రైతులు తిరగబడ్డారని రాశాను. బిళ్ళల సంగతి రాయలేదు. చివర ఒక వాక్యం చేర్చాను: "ఈ నిబంధన పుట్టింది సాహుకారి ఇంట్లో." ఉపమంత్రి ఆ ఇంటికి వెళ్ళడం కద్దని కింద ఇంకో ముక్క. ఆయన వెళ్ళింది వేళ్ళ భాష నేర్చుకోవడానికని నాకు తెలుసు. బస్సులో ఆయన నోటినుంచే విన్నాను. తెలిసే రాశాను.

తర్వాతి ఎన్నికల్లో ఆ వాక్యాన్ని ఎదుటి పార్టీవాళ్ళు కన్నడంలోకి మార్చి గోడలకెక్కించారు. కొద్ది ఓట్లతో ఆయన ఓడిపోయాడు. నా వాక్యం వల్లే ఓడాడని అనను. నా వాక్యాలకు అంత బలమే ఉంటే ఈ దేశం ఎప్పుడో మారి ఉండేది. కానీ గోడల మీద ఉన్నది నా వాక్యమే. నేను రాసినవాటిలో పొట్టి వాక్యం బహుశా అదొక్కటే.

ఓడిన తర్వాత ఒక ఆదివారం బస్సులో వచ్చాడు. ఆ రోజు వేరుశనక్కాయలు ముట్టలేదు.

"ఏమప్పా, ఆ వాక్యం ఒక్కటీ సవరించు. నేను వాళ్ళింటికి యాల పోతినో నీకు చెప్పినా కదా."

"పత్రికలో చోటు లేదు బావా."

"నాకేమీ లేదు. మీ అక్క అంగడికి పోతే అడుగుతా ఉండారంట, మీ ఆయన ఎంత తినినాడమ్మా అని. ఆమె బయటికి పోయేది మానేసింది."

"రాజకీయాల్లోకి పోయేముందే ఆలోచించాల్సింది."

రేపు పొద్దున ఏం చేద్దాం అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. "కాఫీ బాగుండాది" అని మా ఆవిడతో చెప్పి, చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రాకపోకలూ మానలేదు. పండగలకు వచ్చాడు, మా పెద్దమ్మాయికి లెక్కలు చెప్పాడు, నా పత్రిక పెన్సిలుతో చదివాడు. అక్క మాత్రం మా గడప తొక్కడం మానేసింది. నా ఉత్తరాలకు జవాబు ఆయన చేతే రాయించేది.

ఆయన్ని ఓడించినవాళ్ళ ప్రభుత్వం వచ్చి కూడా ఆ నిబంధన తీయలేదు. పైగా ఇంకో నాలుగు ఊళ్ళ మండీలకు రాసివ్వమని ఆయన్నే పిలిచింది. వెళ్ళాడు. ఏ ప్రభుత్వం వచ్చినా కుర్చీ దొరికించుకునే మనిషి అని తిట్టి, ఆ రోజు ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దుతూ ఉన్నది దాని మీదే.

శవం దగ్గరికి వర్తూరు వాళ్ళు పదిహేను మంది దాకా వచ్చారు. ఒకతను నన్ను ఎవరని అడిగాడు. బామ్మర్దినన్నాను. "ఓ, మీరేనా రాసేది? మా బామ్మర్దిది చదవండప్పా, వాని కోపం బాగుంటాది అని చెప్తా ఉండె" అన్నాడు. అక్కడ కూడా నాకు దుఃఖం కంటే ముందు వచ్చింది అదే పాత మంట. నేను ఎవరి కోసం రాశానో ఆ మనుషులు నా పేరు విన్నది ఆయన నోటినుంచి.

పదకొండో రోజు అక్క నన్ను పక్కకు పిలిచింది. ఇన్నేళ్ళలో తనంతట తాను నాతో మాట్లాడడం అదే మొదలు.

"ఆయన మీద రాస్తావంట కదా."

"రాస్తాను."

"ఆ వాక్యం సంగతి రాస్తావా?"

"చూస్తాను అక్కా."

"చూసేదేముండాదిరా? నీకు తెలిసిందే కదా" అని లోపలికి వెళ్ళిపోయింది.

అయినా చూడడానికే వెళ్ళాను. మర్నాడు పొద్దున మండీకి. ఎందుకో దాచను. ఆ పద్ధతి చెడిపోయి ఉంటే, మళ్ళీ తువ్వాళ్ళు వచ్చి ఉంటే, నేను రాసింది ఏదో ఒక రకంగా నిజమేనని వాదించవచ్చు. నాకు వాదించడం చేతనవును. లోపాలు కావలసినన్ని దొరికాయి. సాహుకార్లు పోలేదు, ఇంకా లావయ్యారు. తూకం దగ్గర కాటా మీద ఒకడు వేలు ఆనిస్తున్నాడు. సంతోషంగా నోటుపుస్తకంలో రాసుకున్నాను.

అంతలో ఎత్తుబల్ల మీది మనిషి ఒక నంబరు పిలిచి కొత్తిమీరకు ధర చెప్పాడు. బిళ్ళ పట్టుకున్న ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. తల కూడా ఎత్తకుండా, "వద్దప్పా" అంది.

"ఏమ్మా, ఇంతకన్నా ఎవురిస్తారు నీకు?"

"ఎవురూ ఇయ్యకపోతే మా ఎనుము తింటాది. పాలన్నా ఇస్తాది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో ఆమెకు బుట్ట ఎత్తి తలమీద పెట్టారు. నేను వెంటబడి, ఇట్లా ధర పైకి చెప్పే పద్ధతి ఎవరు పెట్టారో తెలుసా అమ్మా అని అడిగాను. ఆమె బుట్ట కిందినుంచి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవురు పెట్టేదేముండాదప్పా? ధర చెప్పకుండా ఎట్ల అమ్మేది?"

నా పేరు ఈ పత్రికలో ప్రతి నెలా రెండు చోట్ల అచ్చవుతుంది. ఆయన చేసిన పనికి పేరు అక్కర్లేకుండా పోయింది. ఇంతకన్నా ఈర్ష్యపడదగింది నాకు ఈ ఊళ్ళో ఇంకోటి కనబడలేదు.

కనుక ఇది సవరణ. ఆ నిబంధన సాహుకారి ఇంట్లో పుట్టలేదు. మా బావ ఆ ఇంటికి వెళ్ళింది నేర్చుకోవడానికి. అక్కడ ఆయన తిన్నదీ లేదు, తీసుకున్నదీ లేదు. ఈ సంగతి నాకు రాసేనాటికే తెలుసు. తప్పు నాది. అక్కా, ఇది నీకు.

ఆ కొత్తిమీర ఆమె మండీ గేటు దాటి, బస్సులు తిరిగే మూల గోడ వారగా గోనెపట్టా పరిచింది. కట్టలు విప్పి, వాడిన రెమ్మలు గిల్లి పారేసి, చెంబులోంచి నీళ్ళు చేతిలో పోసుకొని కొత్తిమీర మీద చల్లింది. ఒక బస్సు పొగ కక్కుతూ పోయింది. ఆమె మళ్ళీ చల్లింది. ఎండ అప్పుడే గోడ దిగుతోంది.